మద్దెల నిజంగానే ఓడైతే?

పిల్లలు వీడియో ఆట ఆడుతున్నంతసేపూ ఇంట్లో తరచుగా వినిపించే మాట "చచ్చాను!" అన్నది. పక్కగదిలోంచి బామ్మగారు "అవేం మాటలురా, పైన తథాస్తు దేవతలుంటారు!" అని మందలిస్తారు. "ఫరవాలేదు బామ్మా, నాకింకా రెండు ప్రాణాలున్నాయి" అని మనవడు నిబ్బరంగా బదులిస్తాడు. ఈ సంభాషణ జరగని ఇల్లు మన టౌన్‌షిప్‌లో బహుశా ఉండదు.

ఆటలో చావడమన్నది కంప్యూటర్లతో పుట్టిన వింత కాదు. చెడుగుడులో కూతకు వెళ్లి పట్టుబడినవాడు చచ్చినట్లే లెక్క. తన జట్టువారు అవతలివాణ్ణి ఔట్ చేయగానే మళ్లీ బతికి బరిలోకి వస్తాడు. వైకుంఠపాళిలో పై వరుసదాకా ఎగబ్రాకి, పరమపదం నాలుగు గళ్ల దూరంలో ఉందనగా పెద్దపాము నోట పడి అట్టడుగుకు జారినవారి దుఃఖం మనకు తెలియనిది కాదు. అయితే చెడుగుడులో మనలను ఔట్ చేసేవాడు ఎదురుగా నిలబడిన మనిషి. వైకుంఠపాళిలో మన పాలిట శత్రువు గవ్వల పందెం. వీడియో ఆటలో మాత్రం చావు ఎక్కడ, ఎప్పుడు, ఎలా రావాలో ముందుగానే నిర్ణయించి పెట్టినవాడు ఒకడున్నాడు. వాడు ఆ ఆటను రూపొందించిన ఇంజనీరు.

యంత్రాలు, వాటి లోపాలు, వాటి మరమ్మతులు మా వృత్తి. అందువల్ల ఏదైనా ఆగిపోయిందని గాని, కూలిపోయిందని గాని వినగానే "కారణమేమిటి? తప్పెవరిది?" అన్న ప్రశ్న మాకు అలవాటుగా వస్తుంది. ఆటలో ఓడినవాడు యంత్రాన్ని తిడితే "ఆడలేక మద్దెల ఓడు" అని నవ్వుతాం. ఆ సామెత చాలాసార్లు నిజమే. కాని కొన్నిసార్లు మద్దెల నిజంగానే ఓడుగా ఉంటుంది. ఈ నెల ఆ రెండు రకాల చావులనూ వేరుచేసి చూద్దాం.

పాఠం చెప్పే చావు

జపానులోని నింటెండో సంస్థ 1985లో విడుదల చేసిన 'సూపర్ మారియో బ్రదర్స్' 1990 దశకంలో టీవీకి తగిలించే చిన్న పెట్టెల ద్వారా, రంగురంగుల క్యాసెట్ల రూపంలో మన ఇళ్లకు చేరింది. ఆ ఆట మొదలైన కొద్ది క్షణాలకే కుడివైపు నుంచి గోధుమరంగు జీవి ఒకటి నింపాదిగా నడిచి వస్తుంది. దాని పేరు గూంబా. దాని చేతిలో కత్తి లేదు, నోట నిప్పు లేదు. కొత్తగా ఆడేవాడు అదేమిటో చూద్దామని నిలబడతాడు. అది వచ్చి తగులుతుంది. అంతే, ఒక ప్రాణం పోయింది.

రెండవసారి అతడు దాని మీదుగా దూకుతాడు. మూడవసారి దాని తలపైనే దూకి అణిచివేస్తాడు. ఎవరూ ఉపన్యాసమివ్వలేదు, పుస్తకం చదివించలేదు. అయినా ఆటలోని మొదటి సూత్రం బోధపడింది. రూపకర్త షిగెరు మియామొటో ఆ గూంబాను అక్కడ బుద్ధిపూర్వకంగానే ఉంచాడు. ఆ వెంటనే పెట్టెలోంచి వచ్చే పుట్టగొడుగు శత్రువు కాదు, బలాన్నిచ్చేది. గూంబా దెబ్బతిన్నవాడు దాన్ని చూసి కూడా బెదిరి పారిపోతాడేమోనని, అది గొట్టానికి తగిలి తిరిగివచ్చి అతణ్ణి తాకేటట్లు అమర్చాడు. ఆ చోట దాన్ని తప్పించుకోవడం కష్టం. తప్పించుకోలేకపోయినవాడు పెద్దవాడై, "ఓహో, ఇది మంచిదే" అని తెలుసుకుంటాడు.

ఈ చావులో మూడు గుణాలున్నాయి. కారణం కంటికి కనబడింది. నష్టం కొద్ది క్షణాలే. సరిదిద్దుకొనే ఉపాయం ఆడేవాని చేతిలోనే ఉంది. ఇటువంటి చావుకు పిల్లవాడు నవ్వుతాడే గాని కోపగించుకోడు. ఇక్కడ మద్దెల ఓడు కాదు.

మెట్టు దిగబోయి మరణించిన వీరుడు

1983లో అమెరికాలో టిమ్ మార్టిన్ రూపొందించిన 'స్పెలంకర్' అనే ఆట ఉంది. దాన్ని 1985లో ఐరెమ్ అనే జపాను సంస్థ నింటెండో యంత్రానికి అనువుగా మార్చింది. కథానాయకుడు గుహలలో నిధికోసం వెదికే సాహసి. ఈ సాహసి తన ఎత్తుకంటే తక్కువ ఎత్తునుంచి జారిపడినా ప్రాణం విడుస్తాడు. గబ్బిలం రెట్ట మీద పడినా అంతే సంగతులు. జపానులో అతని పేరు అర్భకత్వానికి మారుపేరుగా నిలిచిపోయింది.

ఆడేవారికి చిరాకు కలిగించినది ఆ వీరుని బలహీనత ఒక్కటే కాదు. మనం ఏ బొమ్మను ఆడించినా మన శరీరంతోనే పోల్చుకుంటాం. నడుమెత్తు గట్టుమీది నుంచి దూకడం మనకు లెక్కలోనిది కాదు గనుక, అతనికీ కాదనుకుంటాం. వాడే మనిషి సహజంగా ఊహించుకొనే హద్దుకంటే యంత్రం హద్దు తక్కువైనప్పుడు, ఆ సంగతి ముందే చెప్పవలసిన బాధ్యత యంత్రం చేసినవానిది. అందుకే క్రేనుమీద అది ఎత్తగల బరువును దూరానికి కనబడేలా పెద్ద అక్షరాలతో రాస్తాం. స్పెలంకర్ వీపుమీద అటువంటి రాత ఏదీ లేదు.

అయినా ఆ ఆటకు అభిమానులు ఏర్పడ్డారు. నియమం ఎంత కఠినమైనా ప్రతిసారీ ఒకే తీరుగా పనిచేస్తుంది. నాలుగుసార్లు పడితే ఎంత ఎత్తు ప్రమాదమో కొలత తెలిసిపోతుంది. కఠినమైన నియమానికి మనిషి అలవాటు పడగలడు. నిలకడలేని నియమానికే అలవాటు పడలేడు.

లెక్క తప్పి పోయిన ప్రాణాలు

మా వంటివారికి మిక్కిలి ఆసక్తి కలిగించేవి కేవలం అంకగణితం చేతిలో సంభవించిన చావులు. నింటెండోవారి 1981 నాటి 'డాంకీ కాంగ్'లో ప్రతి దశకూ కొంత గడువు ఉంటుంది. ఆ గడువును లెక్కించే పద్ధతి సులభమైనది. దశ సంఖ్యకు నాలుగు కలిపి పదితో హెచ్చవేయాలి. మొదటి దశకు 50 వస్తుంది. వందలలో చెప్పాలంటే 5,000. గడువు మరీ పెరిగిపోకుండా 8,000 దగ్గర కట్టు వేశారు. ఇరవై ఒకటవ దశకు లెక్క 250 దాకా వస్తుంది. ఇరవై రెండవ దశకు 260 రావాలి.

ఇక్కడే చిక్కు వచ్చింది. ఎనిమిది బిట్ల గదిలో 0 నుంచి 255 వరకే అంకెలు పడతాయి. పాత స్కూటరు మీటరు 99,999 దాటగానే సున్నాలకు తిరిగినట్లు, ఈ గది కూడా 255 దాటగానే మొదటికి వస్తుంది. 260లో 256 పోగా మిగిలినది 4. అంటే గడువు 400 మాత్రమే. ఎంతటి నేర్పరి అయినా పైకి చేరకముందే, కొద్ది సెకన్లలోనే గడువు తీరి కథానాయకుడు కుప్పకూలుతాడు. మీద పీపా పడలేదు, నిప్పు అంటలేదు, కాలు జారలేదు. కూడిక, గుణకారం కలిసి అతణ్ణి చంపాయి.

1980లో నామ్కో సంస్థ తరఫున తోరు ఇవటాని రూపొందించిన 'ప్యాక్-మ్యాన్'లోనూ ఇదే వ్యాధి. 255 దశలు దాటినవానికి 256వ దశలో తెర కుడిసగమంతా పిచ్చి గీతలతో, అర్థంలేని అక్షరాలతో నిండిపోతుంది. తినవలసినన్ని చుక్కలు అక్కడ ఉండవు గనుక ఆ దశను పూర్తిచేయడం అసాధ్యం. ఇక చేయగలిగినదల్లా దయ్యాల చేత చిక్కేదాకా తిరగడమే.

ఆ ఇంజనీర్లను మేము తప్పుపట్టబోవడం లేదు. ఇంతదూరం ఎవరు వస్తారులే అని వారు అనుకొని ఉంటే అది మానవ సహజం. సంవత్సరానికి రెండంకెలు చాలునని తలచిన పాపానికి 1999 డిసెంబరు 31 రాత్రి ఎన్నో కార్యాలయాలలో కంప్యూటరు విభాగాలవారు జాగారం చేయడం మన పాఠకులలో పలువురికి గుర్తుండే ఉంటుంది. కాని ఎవరో ఒకరు అంతదూరమూ వస్తారు.

ఇందుకు 'టెట్రిస్' తార్కాణం. 1984లో మాస్కోలోని సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటరు కేంద్రంలో అలెక్సీ పజిత్నోవ్ దీనికి ప్రాణం పోశాడు. ఇందులో శత్రువు లేడు, ఆయుధం లేదు. పైనుంచి రాలే ముక్కలను పేర్చుకుంటూ పోవాలి. పేర్పు పైకప్పును తాకితే ఆట ముగిసినట్లు. 1989లో వచ్చిన నింటెండో రూపంలో 29వ దశనుంచి ముక్కలు ఎంత వేగంగా రాలతాయంటే, మనిషి అంతకుమించి ఆడలేడని చాలాకాలం భావించారు. 2023 డిసెంబరు 21న అమెరికాలో 13 ఏళ్ల బాలుడు ఒకడు 157వ దశదాకా వెళ్లాడు. అక్కడ కార్యక్రమం లెక్కలు ముగించుకోలేక స్తంభించిపోయింది. అంతవరకూ ఆటగాళ్లను ఆట చంపుతూ వచ్చింది. ఆరోజు మాత్రం ఆటగాడి చేతిలో ఆటే చచ్చింది.

చావు కబురు చల్లగా

అన్నిటికంటే దుర్మార్గమైనది మరొక జాతి. ఇందులో మనిషి చచ్చిపోతాడు గాని, ఆ సంగతి అతనికి చాలాసేపటిదాకా తెలియదు.

అమెరికాలోని సియెరా సంస్థ తరఫున రాబర్టా విలియమ్స్ రూపొందించిన 'కింగ్స్ క్వెస్ట్' వరుసలో అయిదవది 1990లో వచ్చింది. అందులో గ్రాహం అనే రాజు రొట్టెల దుకాణంలో ఒక తీపి వంటకం కొంటాడు. దారిలో ఆకలైతే దాన్ని తినబోవడం ఎవరికైనా సహజమే. తినవచ్చు కూడా, ఆట అడ్డు చెప్పదు. కాని తర్వాత మంచుకొండల్లో ఒక రాక్షసాకారుడు ఎదురవుతాడు. వాణ్ణి తప్పించుకోవాలంటే ఆ వంటకాన్ని వాడి ముఖాన విసరాలి. తినేసినవానికి అక్కడితో సరి. అదే ఆటలో ఒక పిల్లి ఎలుకను తరుముకుంటూ తెరమీదుగా పోతుంది. ఆ క్షణంలో పాత బూటు విసిరి ఎలుకను కాపాడకపోతే, తర్వాత రాజును తాళ్లతో బంధించినప్పుడు ఆ తాళ్లు కొరకడానికి ఎవరూ రారు.

1984లో రచయిత డగ్లస్ ఆడమ్స్, స్టీవ్ మెరెట్‌స్కీ కలిసి ఇన్ఫోకామ్ సంస్థ కోసం రాసిన 'హిచ్‌హైకర్స్ గైడ్' ఆటలోనూ ఇటువంటిదే ఉంది. ఆరంభంలో కనబడే కుక్కకు జున్ను శాండ్‌విచ్ పెట్టకపోతే, ఎంతో ముందుకు వెళ్లిన తర్వాత ఆ కుక్క ఒక సూక్ష్మమైన అంతరిక్ష నౌకాదళాన్ని మింగి కూర్చుంటుంది. అప్పుడు వెనక్కి వెళ్లి దాని ఆకలి తీర్చే దారి లేదు.

గూంబా తగిలినప్పుడు కారణానికీ ఫలితానికీ మధ్య క్షణం ఎడం లేదు. ఇక్కడ ఆ రెండింటి మధ్య గంటలు, ఒక్కొక్కప్పుడు రోజులు. ఆడేవాడు మంచుకొండలో తాను చేసిన పొరపాటేమిటా అని తలబాదుకుంటాడు. నిజానికి ఆ కొండలో అతడు చేసిన పొరపాటేదీ లేదు. ఇందులో పాఠం లేదు, శిక్ష మాత్రమే ఉంది. ఇది చావు కబురు చల్లగా చెప్పడం కాక మరేమిటి? ఇటువంటి నిర్మాణాన్ని 1989లోనే రాన్ గిల్బర్ట్ అనే రూపకర్త ఒక వ్యాసంలో తీవ్రంగా విమర్శించాడు. చచ్చి నేర్చుకోవలసిన అవసరం ఆడేవానికి ఉండకూడదని ఆయన వాదన.

నవ్వించి చంపినవారు

గిల్బర్ట్ విమర్శతో ఆగలేదు. 1990లో తాను రూపొందించిన 'సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలండ్'లో కథానాయకుణ్ణి కొండ అంచునుంచి పడేస్తాడు. సియెరావారి పద్ధతిలోనే చావు ప్రకటన తెరమీదికి వస్తుంది. మరుక్షణం ఆ యువకుడు బంతిలా ఎగిరివచ్చి తిరిగి అంచుమీద నిలబడి, కింద రబ్బరు చెట్టు ఉందని సంజాయిషీ చెప్పుకుంటాడు. ఇతడు నీటిలో పది నిమిషాలు ఊపిరి బిగపట్టగలనని గొప్పలు చెప్పుకుంటూ ఉంటాడు. ఒకచోట అతణ్ణి బరువైన విగ్రహానికి కట్టి సముద్రంలో తోస్తారు. ఆడేవాడు ఏమీ చేయకుండా పది నిమిషాలు కూర్చుంటే, సరిగ్గా మాట ప్రకారం అతడు చచ్చిపోతాడు. అప్పటివరకు తెర అడుగున ఉన్న "తెరువు", "తీసుకో" వంటి ఆజ్ఞలు మాయమై, వాటి స్థానంలో "తేలు", "ఉబ్బు" వంటివి వస్తాయి. హద్దు ముందే చెప్పి, దాని ప్రకారమే చంపాడు గనుక కోపం రాదు, నవ్వు వస్తుంది.

1987 నుంచి నడుస్తున్న 'నెట్‌హాక్'లో రెండవ ప్రాణం ఉండదు. అందులో తాకితే రాయి చేసే కాకట్రైస్ అనే జంతువు ఉంది. తెలివైనవాడు చేతులకు తొడుగులు వేసుకుని, దాని కళేబరాన్నే ఆయుధంగా పట్టుకుని శత్రువులను రాళ్లుగా మారుస్తూ పోతాడు. దొరికినదల్లా మూటగట్టుకున్నాక, ఆ మోతబరువుతో మెట్లు దిగుతూ తూలి ఆ కళేబరం మీదే పడతాడు. రాయి అయిపోతాడు. చావుకు కారణమేమిటో సమాధి పలకమీద చెక్కి మరీ చూపుతుంది ఆ ఆట. ఇంతకంటే నిజాయితీగల దర్యాప్తు నివేదిక ఉండదు. 2007లో వచ్చిన 'ఐ వాన్నా బీ ది గై'లోనైతే చెట్టు పళ్లు కిందికే కాదు, పైకి కూడా రాలి ప్రాణాలు తీస్తాయి. న్యూటను సూత్రాన్ని నమ్ముకున్నవానికి అక్కడ రక్షణ లేదు.

1990 దశకంలో మన కార్యాలయాలలోని కంప్యూటర్లమీద భోజన విరామవేళ తరచు దర్శనమిచ్చిన 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా'ను చాలామంది మరచి ఉండరు. జోర్డన్ మెక్‌నర్ 1989లో విడుదల చేసిన ఆట అది. గంట గడువు, నేలలోంచి పొడుచుకువచ్చే శూలాలు, రెండుగా కోసే కత్తెరలు ఎందరినో బలిగొన్నాయి. చివరిదాకా వెళ్లినవారికి రాకుమారుని నీడే కత్తిదూసి ఎదురు నిలుస్తుంది. దాన్ని పొడిచిన ప్రతిసారీ రాకుమారుని ఆయువే తరుగుతుంది. కత్తి ఒరలో పెడితే నీడ వచ్చి అతనిలో కలిసిపోతుంది. ఇక్కడ చచ్చినవారెవరూ మోసపోయామని అనలేరు. దెబ్బ వేసినప్పుడల్లా తన ఆయువు గుర్తులు తరగడం తెరమీదే కనబడుతూ ఉంది.

పిల్లులు ఎందుకు చచ్చాయి?

దర్యాప్తు ఎలా చేయాలో నేర్చుకోదలచినవారికి 'డ్వార్ఫ్ ఫోర్ట్రెస్' ఆటలోని ఒక ఉదంతం చెప్పాలి. టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ సోదరులు 2006లో విడుదల చేసిన ఈ ఆటలో మరుగుజ్జులకోసం ఒక కోట నిర్మించాలి. 2015 చివర ఇందులోకి మద్యశాలలను ప్రవేశపెట్టారు. ఆ తర్వాత కోటలలో పిల్లులు వాంతులు చేసుకుని కుప్పలుగా చచ్చిపోసాగాయి.

టార్న్ ఆడమ్స్ కూపీ లాగాడు. మద్యశాలలో తాగేవారు కొంత నేలమీద ఒలకబోస్తారు. పిల్లులు అందులోంచి నడుస్తాయి. పాదాలకు మద్యం అంటుతుంది. పిల్లులు నాకి శుభ్రపరచుకుంటాయి. అలా నాకినప్పుడు కార్యక్రమం ఒక చుక్కకు బదులు పూర్తి పాత్రెడు తాగినట్లు లెక్క కట్టింది. చిన్న శరీరం గనుక మత్తు ప్రాణాంతకమయింది. విడివిడిగా చూస్తే ఒలకడం, నడవడం, నాకడం ఏ ఒక్కటీ దోషం కాదు. ఒక్క పరిమాణం లెక్క తప్పింది. పెద్ద ప్రమాదాలలో అధికభాగం ఇటువంటివే. పిల్లిని తిట్టి ఉంటే ఈ రహస్యం బయటపడేది కాదు.

మన సంగతి

ఇంతకూ ఈ నవ్వులాట అంతా దేనికంటారేమో. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా బి-17 బాంబరు విమానాలు క్షేమంగా నేలకు దిగిన తర్వాత ఉన్నట్టుండి పొట్టమీద కూలబడేవి. పైలట్లు రెక్కల ఫ్లాపులను మడవబోయి పొరపాటున చక్రాలను మడిచేవారు. ప్రతి నివేదికలోనూ "పైలట్ తప్పిదం" అనే రాశారు. అల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్‌లో కూర్చుని చూస్తే రెండు పనులకూ ఒకే రూపంలో ఉన్న మీటలు పక్కపక్కనే కనిపించాయి. ఆయన చక్రాల మీటకు చిన్న చక్రాన్ని, ఫ్లాపుల మీటకు రెక్కవంటి బిళ్లను తగిలించమన్నాడు. చీకటిలో తడిమినా తేడా తెలిసేది. నేటికీ విమానాలలో ఆ మీట కొసన చక్రం ఆకారమే ఉంటుంది.

మన ప్లాంటులో మూడు ప్రాణాలు ఇవ్వరు. ఉన్నది ఒక్కటే, దానికోసం ఇంటిదగ్గర ఎదురుచూసేవారున్నారు. కనుక మనవాళ్లు గూంబాను తగిలి పాఠం నేర్చుకోవడం కుదరదు. ఆ పాఠం ప్రాణంమీదికి రాకముందే, తృటిలో తప్పిన ప్రమాదాలనుంచే నేర్చుకోవాలి. అటువంటివి రిజిస్టరులో నమోదు చేసేటప్పుడు "ఆపరేటరు అజాగ్రత్త" అని ఒక్కమాటతో సరిపెట్టడం సులభం. దానికి ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ప్రమాద కారణం అతనికి కంటికి కనబడిందా? యంత్రం హద్దు ఎంతో ముందుగా చెప్పామా? ఉదయం షిఫ్టులో వదిలిన లోపం రాత్రి షిఫ్టువాని మెడకు చుట్టుకుందా? ఒకే తీరున ఉన్న రెండు మీటలు పక్కపక్కన ఉన్నాయా? ఈ నాలుగింటికీ జవాబు దొరికిన తర్వాత కూడా తప్పు మనిషిదే అయితే అప్పుడు మాట్లాడవచ్చు.

ఇళ్లలోని తల్లిదండ్రులకూ ఒక మనవి. ఒకే గోతిలో ఇరవైసార్లు పడి ఇరవై ఒకటవసారి ఓపికగా దూకే పిల్లవాడే, ఒక్క లెక్క తప్పితే పుస్తకం మూసి పారిపోతాడు. ఆట తన తప్పు చూపించి వెంటనే మరొక అవకాశం ఇస్తుంది. మనం తప్పు ఎక్కడో చూపకుండా మార్కులు మాత్రం చూపిస్తాం. ఆ పద్ధతి మార్చుకోవడానికి ఖర్చేమీ కాదు.

తమ విభాగాలలో ఇటువంటి "ఓడు మద్దెలలు" గమనించినవారు, మనుషుల పేర్లు లేకుండా యంత్రం సంగతి మాత్రం రాసి సంపాదకులకు పంపగోరుతున్నాం. వచ్చిన వాటిలో ముఖ్యమైనవి రానున్న సంచికలో ఇదే శీర్షికన చర్చిద్దాం.